హైదరాబాద్ నుంచి డాలస్: దూరమెంత, ఇంటి నుంచి ఇంటికి ఎన్ని గంటలు?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అక్క డాలస్‌లో ఉంటుంది, జూన్‌లో కాన్పు. అరవై దాటిన అమ్మానాన్నలు మొదటిసారి విమానం ఎక్కబోతున్నారు. నెట్‌లో చూస్తే దూరం 14,400 కిలోమీటర్లని ఉంది. విమానం గంటకు 900 పోతుందంటారు కాబట్టి 16 గంటల్లో చేరాలి కదా, మరి ఒక టికెట్ మీద 22 గంటల 50 నిమిషాలు, ఇంకోదాని మీద 27, మరోదాని మీద 34 ఎందుకున్నాయి? పైగా తెల్లవారుజామున మూడున్నరకు ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం దిగుతారని రాసి ఉంది, అదెట్లా? చివరికి ఏది తీసుకోవాలి?

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా టికెట్లు చేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్తాను, కారణాలు తర్వాత.

దూరం మీరు చూసినదే, సుమారు 14,400 కిలోమీటర్లు. ఏ ఊరి మీదుగా వెళ్లినా గాలిలో ఉండేది 20 గంటలకు కాస్త అటూ ఇటూ. టికెట్ మీద కనిపించే మిగతా గంటలన్నీ మధ్యలో ఎయిర్‌పోర్టులో కూర్చునేవే. ఒక్కటే స్టాప్, మధ్యలో రెండున్నర నుంచి నాలుగు గంటల గ్యాప్ ఉన్న టికెట్ తీసుకోండి. దేవరకొండలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మీ అక్క ఇంట్లో కాలు పెట్టేదాకా 32 గంటలు అనుకోండి.

ఇక 14,400 సంగతి. నా టేబుల్ మీద ఒక గ్లోబు ఉంటుంది, దానికో తెల్ల దారం కట్టి ఉంటుంది. ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగమంటాను. గోడ మ్యాపు చూసి వచ్చినవాళ్లంతా దారం పడమటికి, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ పోతుందనుకుంటారు. బిగించగానే అది నిటారుగా ఉత్తరానికి జారుతుంది. ఢిల్లీ దరిదాపుల నుంచి కజకిస్తాన్, రష్యా మీదుగా ఉత్తర ధ్రువానికి కాస్త పక్కగా మంచు సముద్రం దాటి, కెనడా మీద నుంచి కిందికి దిగి డాలస్ చేరుతుంది. డాలస్ మనకు దాదాపు భూమికి అవతలి వైపు ఉన్న రేఖాంశం మీద ఉండటమే కారణం. నెట్‌లో చూపించే దూరం ఈ దారం పొడవే.

ఆ దారం వెంట నేరుగా పోయే విమానం మాత్రం మనకు లేదు. శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం అసలు ఉండేదా అని అడిగేవాళ్లకు చెప్తున్నా, ఉండేది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు మధ్యలో ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. దూరం 13,280 కిలోమీటర్ల దాకా. తర్వాత ఆగిపోయింది. కాబట్టి డాలస్‌కు మధ్యలో ఒక ఊళ్లో దిగక తప్పదు.

ఎక్కడ దిగితే ఎంత చుట్టు? ఇది నేను లెక్కగట్టి పెట్టుకున్నాను. దోహా మీదుగా అయితే మొదటి విమానం 2,900, రెండోది 12,740, మొత్తం 15,650 కిలోమీటర్ల చిల్లర. దుబాయ్ మీదుగా 2,550, 12,900 కలిపి 15,450. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. చూశారా, మనకు దూరమనిపించే లండనే అన్నిటికన్నా తక్కువ చుట్టు. ఏదైనా దారం కన్నా వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే ఎక్కువ. అంటే గంట, గంటన్నర. 22 గంటల టికెట్‌కూ 34 గంటల టికెట్‌కూ తేడా దూరంలో లేదు, గ్యాప్‌లో ఉంది. చౌక టికెట్ చాలాసార్లు ఎందుకు చౌకంటే, పెద్దవాళ్లను పదకొండు గంటలు ఇనుప కుర్చీల్లో కూర్చోబెట్టే టికెట్ కాబట్టి.

15,600 కిలోమీటర్లను 900తో భాగించినా పదిహేడు గంటల పైనే వస్తుంది కదా, ఇరవై ఎందుకు అంటారు. టికెట్ మీద టైము విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకెక్కడం, దిగేముందు వరసలో చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోవే. వీటన్నిటికన్నా పెద్దది ఎదురుగాలి.

సాగర్ ఎడమ కాలువలో ఈత కొట్టినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్లు వదిలినప్పుడు వాలుకు ఈదితే పది బారల్లో మెట్ల దగ్గర తేలతాం, ఎదురీదితే రెక్కలు పడిపోతాయి. విమానాలు ఎగిరే ఎత్తులో, పది పన్నెండు కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకు గాలి ప్రవాహాలుంటాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి వీచే రోజులు చాలానే. అమెరికా పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వాలు. అందుకే దోహా నుంచి డాలస్‌కు దాదాపు పదహారు గంటలు పడితే, డాలస్ నుంచి దోహాకు పద్నాలుగున్నర చాలు.

ఈ గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి రెండు సంగతులు. న్యూయార్క్, లండన్ మధ్య దూరం 5,540 కిలోమీటర్లు, లండన్ నుంచి న్యూయార్క్‌కు ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనక నుంచి తోస్తుంటే ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. రెండోది మనదే. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పడమటి వైపు అట్లాంటిక్ దారి వదిలేసి, తూర్పుగా పసిఫిక్ మీదుగా తిప్పింది. దూరం వెయ్యి కిలోమీటర్ల పైన పెరిగి 15,300 అయింది, ప్రయాణం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటల్లో చేరింది. గాలి వాలుగా దొరకడమే కారణం. కిలోమీటర్లు చూసి గంటలు కట్టొద్దని నేను అందుకే అంటాను.

దేశాల మధ్య గొడవలూ దారి పొడిగిస్తాయి. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీద ఎగరడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన కంపెనీలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా పోయే మన విమానాలు చుట్టు తిరిగి, కొన్ని ఇంధనం కోసం మధ్యలో దిగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు ఆకాశం మూసేసింది. అందుకని ఎంత మంచి టికెట్ తీసుకున్నా, బయల్దేరే రోజు మధ్యాహ్నం ఒకసారి విమానం పరిస్థితి ఫోన్‌లో చూసుకున్నాకే బండి మాట్లాడండి.

ఇప్పుడు గడియారం సంగతి. అందరూ తడబడేది ఇక్కడే. టికెట్ మీద ఉన్న ప్రతి టైమూ ఆ ఊరి టైమే. ఎక్కే టైము హైదరాబాద్‌ది, దిగే టైము డాలస్‌ది. జూన్‌లో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. మీరు చెప్పిన 22 గంటల 50 నిమిషాల టికెట్‌నే విప్పి చూద్దాం. మంగళవారం తెల్లవారుజామున 3:30కి శంషాబాద్‌లో ఎక్కారు. నాలుగు గంటల ఇరవై నిమిషాల తర్వాత దోహాలో దిగారు, అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక కాబట్టి గోడ మీద 5:20. రెండున్నర గంటలు కూర్చుని 7:50కి రెండోది ఎక్కారు. పదహారు గంటల తర్వాత డాలస్‌లో దిగేసరికి అక్కడ మంగళవారం మధ్యాహ్నం 3:50. అదే నిమిషానికి దేవరకొండలో మీరు బుధవారం తెల్లవారుజామున 2:20కి మేలుకుని ఫోన్ కోసం చూస్తుంటారు. గడియారం మీద పన్నెండు గంటల ఇరవై నిమిషాలే కనిపిస్తుంది, దానికి పదిన్నర కలిపితే అసలు లెక్క.

తిరుగు ప్రయాణంలో దీనికి ఎదురు జరుగుతుంది. మంగళవారం సాయంత్రం ఆరింటికి డాలస్‌లో ఎక్కితే, ప్రయాణం 22 గంటలే అయినా శంషాబాద్‌లో దిగేది గురువారం తెల్లవారుజామున. బుధవారం ఎటు పోయిందని అడుగుతారు పెద్దవాళ్లు. ఇంకొక్కటి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మీవాళ్లు జూన్‌లో పోయి నవంబర్ నడుమ తిరిగొస్తే తేడా పదకొండున్నర గంటలు. తిరుగు టికెట్ టైములు అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

తేదీ విషయంలో నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. నకిరేకల్ దిక్కు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య కొడుకు దగ్గరికి పోవడానికి టికెట్ చేయించుకున్నారు. టికెట్ మీద 12వ తారీఖు, 00:40 అని ఉంది. నేను కాగితం చేతికిచ్చి, "పన్నెండు తారీఖు రాత్రి పన్నెండున్నర దాటినంక బండి, మూడు గంటల ముందే పోవాలె" అన్నాను. వాళ్లు 12వ తారీఖు రాత్రి తొమ్మిదింటికి శంషాబాద్ చేరారు. అప్పటికి విమానం పోయి ఇరవై గంటలైంది. 12వ తారీఖు 00:40 అంటే 11వ తారీఖు రాత్రి తిని బయల్దేరాలి. గేటు దగ్గర్నుంచి ఆయన ఫోన్ చేసి, "అన్నా, మా పేర్లు లేవంటున్నరు" అన్నప్పుడు ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వెనకాల ఆమె, "కొడుకుకు ఏం చెప్తం?" అని అడుగుతూనే ఉంది. ఆ రాత్రే కారేసుకుని పోయి వాళ్లను తీసుకొచ్చి మా ఇంట్లో పడుకోబెట్టాను. కొత్త టికెట్‌కు తేడా డబ్బు నేనే కట్టాను. అది నా తప్పే. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాల్సిన పని నాది.

అప్పటి నుంచి అర్ధరాత్రి దాటాక ఉండే ఏ టికెట్ మీదైనా ఎర్ర పెన్నుతో రాసిస్తాను: "సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో బయల్దేరాలి." విమానం ఎక్కే టైము కన్నా ఇంట్లో చెప్పులేసుకునే టైము రాయడం మేలు. మీ టికెట్‌కూ అదే వర్తిస్తుంది. మంగళవారం 3:30 విమానానికి సోమవారం అర్ధరాత్రి కల్లా శంషాబాద్‌లో ఉండాలి. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగులూరు గేటు దగ్గర ఔటర్ ఎక్కితే శంషాబాద్ వంద కిలోమీటర్ల దరిదాపు, రెండున్నర గంటలు పెట్టుకోండి. అటు డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్‌కు రెండు గంటలు, అక్క ఇంటికి కార్లో ముప్పావు గంట. కలిపితే ముప్పై ఒకటిన్నర. నేను 32 అన్నది ఇందుకే.

స్టాపుల విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది: మొదటిసారి పోయే పెద్దవాళ్లకు రెండు స్టాపుల టికెట్ వద్దు. పదివేలో పదిహేను వేలో మిగులుతుందని షికాగోనో న్యూయార్కో కలిపి టికెట్ తీసుకుంటారు. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. సాధారణంగా అక్కడ పెట్టెలన్నీ బెల్టు మీద నుంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ ఇచ్చి, ఇంకో టెర్మినల్ వెతుక్కోవాలి. ఇరవై గంటల ప్రయాణం తర్వాత, భాష తెలియని చోట, 23 కిలోల పెట్టెలు నాలుగు. అదే దోహా నుంచో దుబాయ్ నుంచో లండన్ నుంచో డాలస్‌కే దిగితే సామాను శంషాబాద్‌లో ఇస్తే డాలస్‌లో తీసుకోవడమే, ఇమిగ్రేషన్ అయ్యాక బయట కూతురు కనిపిస్తుంది. అబుదాబిలో మాత్రం పద్ధతి వేరు. అక్కడ 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని ఇమిగ్రేషన్ చేస్తారు, అందుకని అటు పోయేవాళ్లకు గ్యాప్ ఇంకాస్త ఎక్కువ కావాలి.

గ్యాప్ గంటన్నర కన్నా తక్కువుంటే మాత్రం నేను టికెట్ చేయను. మొదటి విమానం నలభై నిమిషాలు లేటైతే చాలు, అమ్మానాన్నలు మోకాళ్ల నొప్పులతో పరిగెత్తాలి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ కింద ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. ఒకే టికెట్ అయితే రెండోది తప్పినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. విడివిడిగా కొన్న రెండు టికెట్లయితే ఆ నష్టం పూర్తిగా మీదే. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో ట్రాన్సిట్ వీసా నియమాలు కూడా చూడాలి, అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లకు చాలావరకు మినహాయింపు ఉంటుంది.

నడక కష్టమైతే టికెట్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. దాన్ని తోసే మనిషే సెక్యూరిటీ దాటించి రెండో గేటు దాకా తీసుకెళ్తాడు. మా దగ్గర నుంచి పోయిన హాలియా పెద్దమ్మ ఒకామె, "ఆ పిలగాడు లేకపోతే దోహాలనే ఉంటుంటి బిడ్డా" అంది.

షుగర్, బీపీ ఉంటే మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ పొరపాటున కూడా పెద్ద పెట్టెలో పెట్టొద్దు, సామాను అరలో చలికి గడ్డకడితే పనికిరాదు. మాత్ర ఏ గంటకు వేసుకోవాలో గడియారాలు మారే ఈ ప్రయాణంలో తేలిగ్గా తికమకవుతుంది. బయల్దేరే ముందు మీ డాక్టర్‌తో "ఎక్కాక ఎన్ని గంటలకు ఒకటి" అని రాయించుకోండి. పదహారు గంటల విమానంలో రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయమని, నీళ్లు తాగమని చెప్పండి. బాత్రూంకు లేవడం మొహమాటమై చాలామంది ఆడవాళ్లు నీళ్లే తాగరు, కాళ్లు వాచి దిగుతారు. అమ్మకు నడవ పక్క సీటు అడగండి. పచ్చళ్లు చేతి సంచిలో ఆపేస్తారు, పెద్ద పెట్టెలో పెట్టాలి. మాంసం పచ్చడి మాత్రం అమెరికాలోకి రానివ్వరు.

దిగాక వారం, పది రోజులు వాళ్లకు పగలు నిద్ర, రాత్రి మెలకువ ఉంటుంది. కాన్పు తేదీకి కనీసం రెండు వారాల ముందు చేరేలా టికెట్ చేయండి. చంటిపిల్లను ఎత్తుకునే రోజుకు అమ్మ శరీరం ఆ ఊరి పగటికి అలవాటు పడి ఉండాలి.

చివరగా, నాన్నగారి చొక్కా జేబులో పెట్టడానికి ఒక కాగితం. నేను అందరికీ ఇదే రాసిస్తాను. పెద్ద అక్షరాలతో ఒక వైపు తెలుగు, రెండో వైపు ఇంగ్లీష్. మొదటి విమానం నంబరు, రెండో విమానం నంబరు. మధ్య ఊరి పేరు, "ఇక్కడ సామాను తీసుకోవద్దు, బోర్డు మీద గేటు నంబరు చూడాలి" అని. అక్క పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఎన్ని నెలలు ఉంటారో, తిరుగు టికెట్ తేదీ. ఇమిగ్రేషన్‌లో అడిగేవి ఎక్కువగా ఇవే. కింద ఒక గీత గీసి, "ఫోన్ పనిచేయకపోతే యూనిఫాం వేసుకున్నవాళ్లకు ఈ కాగితం చూపించండి" అని రాయండి. ఇలాంటిదే ఇంకోటి అమ్మ పర్సులో కూడా పెట్టండి. ఇద్దరూ ఒకరికొకరు కాస్త దూరమైనా ఎవరి కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది.